కోట్ల మాటున ఎర్ర కిల్ట్

టెయిన్ ఊళ్ళో బస్సెక్కినప్పటి నుంచీ హెక్టర్ మకై ఒక ప్రశ్నను నోటిదాకా తెచ్చుకుని మింగుతూనే ఉన్నాడు. పక్క సీట్లో స్ట్రువన్ కిటికీకి తల ఆనించి వానను చూస్తున్నాడు. మామూలుగా అయితే తను పనిచేసే చేపల పెంపకం దగ్గర మేనేజరు చేసిన వెధవ పనులన్నీ ఏకరువు పెట్టేవాడు. ఇవాళ వాడికీ నోరు పెగలడం లేదు.

ఏ గళ్ళు తీసుకుంటావురా? ప్రశ్న ఇంతే, పెళ్ళికి మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ ఉన్ని కుచ్చిళ్ళ బట్ట, కిల్ట్ గురించి. కానీ ఆ ఊసే ఎత్తనని భార్య ఐల్సాకి మాటిచ్చి మరీ బయలుదేరాడు. వాడి పెళ్ళి, వాడి కిల్ట్, వాడి ఇష్టం, నువ్వు నోరు మూసుకుని కూర్చో అంది ఆవిడ.

స్ట్రువన్ పెళ్ళి వసంతంలో. ఇన్నాళ్ళూ స్నేహితుల పెళ్ళిళ్ళకి అద్దె కిల్ట్‌లతోనే నెట్టుకొచ్చాడు. అద్దెకి తెచ్చిన దాని మీద ఎవరి గళ్ళున్నాయో ఎవరూ పట్టించుకోరు. సొంత పెళ్ళికి మాత్రం సొంతది కావాలన్నాడు, అదీ అసలైన ఉన్నిది. కొత్తది చేత్తో కుట్టించాలంటే వాడి నెల జీతం హారతి కర్పూరమే. అందుకే ఇన్వర్నెస్‌లో ఒకరు కట్టి అమ్మేసిన కిల్ట్‌లు దొరికే ఎఫీ కొట్టుకి బయలుదేరారు. సొంత కిల్ట్ అన్నాక గళ్ళు ఇంటి పేరుని బట్టి ఉండాలి. రాస్ వాళ్ళవి ఎరుపు, మకై వాళ్ళవి ముదురు ఆకుపచ్చ. వీధి ఆ చివర నుంచి చూసినా ఎవరింటి మనిషో తెలిసిపోతుంది.

స్ట్రువన్ ఇంటి పేరు రాస్. వాడికి రెండేళ్ళప్పుడు కన్నతండ్రి ఇయన్ రాస్ చేపల పడవతో సహా సముద్రంలో కలిసిపోయాడు. హెక్టర్ వాడి తల్లి ఐల్సాని చేసుకుని ఆ ఇంటికొచ్చేసరికి వాడికి ఐదేళ్ళు. సైకిల్ నేర్పింది హెక్టరే. జ్వరాలొస్తే పక్కన కూర్చుంది, బళ్ళో ఎవణ్ణో కొట్టొస్తే మేష్టారి ముందు చేతులు కట్టుకు నిలబడింది కూడా హెక్టరే. పేరు మారుద్దామని మాత్రం ఎన్నడూ అనలేదు. పోయినవాడికి ఈ లోకంలో మిగిలిందే ఆ పేరు, అదీ లాక్కుంటే ఎలా అనుకునేవాడు. వాడు ఇతన్ని హెక్టర్ అనే పిలుస్తాడు, సరదా పుడితే ముసలోడా అంటాడు. అదీ బాగానే ఉండేది. ఈ కిల్ట్ మాట వచ్చాకే అతనికి నిద్ర కరువైంది.

ఎర్రదే తీసుకుంటాడు. తీసుకోవాలి కూడా, అదే న్యాయం. ఆ సంగతి తెలిసినా ఒక బొమ్మ కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. పెళ్ళి ఫొటోలో వాడు ఎర్ర గళ్ళలో, పక్కన తను పచ్చ గళ్ళలో. పద్దెనిమిదేళ్ళు పెంచి చివరికి భోజనానికొచ్చిన చుట్టంలా నిలబడాలి. ఆ మాట ఐల్సాతో కూడా అనలేకపోయాడు, సిగ్గేసి.

కొట్లో తడిసిన ఉన్ని వాసన నిండిపోయి ఉంది. ఎఫీ అరవై దాటిన మనిషి, మెళ్ళో కొలిచే టేపు, నోట్లో పిప్పరమెంటు. నడుమెంత నాయనా అని అడిగితే స్ట్రువన్ ప్యాంటు మీది అంకె చెప్పాడు.

"అది నీ ప్యాంటు జారకుండా ఆగిన చోటు," అంది ఎఫీ. "కిల్ట్ బొడ్డు దగ్గర నిలవాలి. నువ్వు చెప్పిన కొలత పట్టుకుంటే పెళ్ళి ప్రమాణాలు చెప్పడానికి ఊపిరుండదు."

టేపు చుట్టి అంకె పైకి చదివింది. ఇంకే ప్రశ్నా వేయకుండా, ఉండండి తెస్తానంటూ లోపలి గదిలోకి వెళ్ళింది. స్ట్రువన్ తడి కోటూ బూట్లూ విప్పడానికి తెర చాటుకి పోయాడు. తెరకి ఎదురుగా ఒక నిలువుటద్దం ఉంది. హెక్టర్ చేతులు ఊరికే ఉండక కిల్ట్‌ల వరుసని ఒక్కొక్కటిగా జరపసాగాయి.

ఐదోదో ఆరోదో ఎర్రది తగిలింది. రాస్ వాళ్ళదే, అనుమానం లేదు. మంచి బరువైన ఉన్ని, చిమ్మట ముట్టలేదు, వెనక కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసినట్టు నిలబడున్నాయి. చీటీ తిప్పి చూశాడు. ఎఫీ ఇప్పుడు చదివిన అంకే. ధర తొంభై పౌండ్లు. వాడి కంటబడితే ఇక మాట్లాడేదేముంది, వేసుకోవడం, డబ్బివ్వడం, బస్సెక్కడం.

హెక్టర్ ఆదివారాలు చర్చిలో చందా పళ్ళెం తిప్పే మనిషి. ఆ తర్వాత అతను చేసింది ఊళ్ళో ఎవరికి చెప్పినా నమ్మరు. ఎర్ర కిల్ట్‌ని కొక్కెంతో సహా తీసి, గోడవారగా వేలాడుతున్న ఆడవాళ్ళ పాత కోట్ల మధ్యకి దూర్చాడు. కోట్లు రెండు పక్కల నుంచీ దగ్గరకి నెట్టి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఈ వయసులో దొంగతనం ఒకటి తక్కువైంది నాకు, అనుకున్నాడు.

ఎఫీ లోపల నుంచి తెచ్చింది పచ్చది. మకై గళ్ళు. ఒక కుచ్చిలి లోపల చిమ్మట కొరికింది కానీ పైకి కనపడదని, పట్టీలు కాస్త జరపాలని, అది తనే చేసిస్తానని, నూట ముప్ఫైకి తగ్గదని చెప్పింది. స్ట్రువన్ మారు మాట్లాడకుండా దాన్ని తీసుకుని తెర వెనక్కి వెళ్ళాడు.

హెక్టర్ ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం అరనిమిషం కూడా నిలవలేదు. వాడికి కనపడింది ఇదొక్కటే కనక ఇదే కొంటాడు. ఇక పెళ్ళినాడు వాణ్ణి ఈ గళ్ళలో చూసి ఏమని సంతోషించాలి? పైగా నలభై పౌండ్లు ఎక్కువ పెట్టిస్తున్నాడు, ప్రతి పైసా చూసుకునే పిల్లాడి చేత.

స్ట్రువన్ బయటికొచ్చాడు. పచ్చది వాడికి ఎంత బాగుందంటే, హెక్టర్‌కి చూడబుద్ధి కాలేదు.

పొడవు చూడాలంది ఎఫీ. మోకాళ్ళ మీద నిటారుగా నిలబడాలి, అంచు నేలకి తగలీ తగలనట్టుండాలి, కట్టుకున్నవాడు మాత్రం కిందికి చూడకూడదు, వంగితే బట్ట జారి కొలత తప్పుతుంది. తన మోకాళ్ళు ఎప్పుడో సమ్మె చేశాయి కాబట్టి నువ్వు దిగి చూడు నాయనా అని హెక్టర్‌ని పురమాయించింది.

హెక్టర్ చెక్క నేల మీద మోకాళ్ళూ అరచేతులూ ఆనించి వంగాడు. స్ట్రువన్ ఎదురుగా మోకాళ్ళ మీద నిలబడి, గోడకేసి చూస్తున్నాడు. చిన్నప్పుడు గుండీలు పెడుతుంటే కూడా వాడు అచ్చం ఇలాగే గడ్డం ఎత్తి కదలకుండా నిలబడేవాడు. ఇక హెక్టర్ వల్ల కాలేదు.

"స్ట్రువన్, ఇంకోటుంది," అన్నాడు నేలకేసి చూస్తూనే. "మీ నాన్న గళ్ళది. నీ కొలతే. దీని కన్నా చవక కూడా. నేనే ఆ కోట్ల మధ్య..."

"తెలుసు," అన్నాడు స్ట్రువన్.

హెక్టర్ తలెత్తాడు. వాడింకా గోడకేసే చూస్తున్నాడు.

"పోయిన శనివారం ఒక్కణ్ణీ వచ్చి కట్టుకు చూశాను. బాగానే ఉంది. తీసి పెట్టేసి, మకైది దొరికితే దాచిపెట్టమని ఎఫీకి చెప్పి వెళ్ళాను. మొన్న ఫోన్ చేసింది, వచ్చిందని."

"నువ్వు నోరు విప్పే దాకా నన్ను మాట్లాడొద్దన్నావుగా," అంది ఎఫీ. "నా నాలిక ఊడిపోతుందనుకున్నా."

హెక్టర్ చేతులు నేల మీంచి ఎత్తి వెనక్కి కూర్చున్నాడు. "మరి నన్నెందుకు లాక్కొచ్చావురా?"

"పేరు నీది. అడక్కుండా ఎలా కట్టుకుంటాను? బస్సెక్కినప్పటి నుంచీ అడగాలనే చూస్తున్నా. ఎప్పుడూ నాకు రాస్ పేరు నిలబెట్టమనే చెప్తావు కదా. వద్దంటావేమోనని భయమేసింది." వాడు తల కదల్చకుండా చూపుడు వేలితో అద్దం వైపు చూపించాడు. "ఇందాక నువ్వు అది కోట్ల మధ్య దాచడం తెర సందులోంచి ఆ అద్దంలో చూశాను. అప్పుడు కానీ నాకు ధైర్యం రాలేదు."

హెక్టర్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. "మరి మీ నాన్న?"

"ఆయన పేరు నాతోనే ఉంది. అదెక్కడికీ పోదు. రేపు నా పిల్లలకీ ఉంటుంది." గడ్డం ఇంకాస్త ఎత్తి అడిగాడు, "కట్టుకోనా, ముసలోడా?"

ఎఫీకి ఉన్నట్టుండి లోపలి గదిలో ఏదో పని గుర్తొచ్చింది.

హెక్టర్ ఔనని తలూపాడు. ఎన్నాళ్ళ బట్టో గుండెల మీద కూర్చున్న భయం లేచి వెళ్ళిపోతుంటే, వంగి మళ్ళీ అంచు మీద వేలు పెట్టాడు. అంచు నేలకి తగలీ తగలనట్టే ఉండాలి. ఉందో లేదో అతనికేమీ కనపడటం లేదు, కళ్ళద్దాలు మసకబారిపోయాయి.

"సరిపోయిందా?" అన్నాడు స్ట్రువన్ పైనుంచి.

"కిందికి చూడకు," అన్నాడు హెక్టర్. "నేనింకా చూస్తున్నా."