కంప్యూటర్ వెనక కవళ్లు

గురువారం ఉదయం 11.20కి ఒడిశా తీరంలోని ఆర్యపల్లిలో పద్మిని కంప్యూటర్ ఆగిపోయింది. అప్పటికి వెయ్యి బొమ్మల్లో 788 పూర్తయ్యాయి.

పడవ అల మీదికెక్కే నలభై సెకన్ల వీడియో కోసం కంప్యూటర్ ఒక్కొక్కటిగా గీస్తున్న బొమ్మలవి. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియో ఉద్యోగానికి పెట్టిన పరీక్ష. సాయంత్రం ఆరులోగా పంపాలి. ఆరు దాటితే తీసుకునేది లేదని మెయిల్‌లో రాశారు.

పద్మిని మళ్లీ ఆన్ చేసింది. నాలుగు నిమిషాల్లో గ్రాఫిక్స్ కార్డు వేడి 104 డిగ్రీలకెక్కింది. మళ్లీ ఆగింది. కిందటి వారం అది 70 దాటలేదు.

ఛత్రపురం నుంచి మెకానిక్ ప్రకాష్ పన్నెండున్నరకు వచ్చాడు. గడప దాటుతూనే ముక్కు మూసుకున్నాడు.

"ఏటక్కా, కంప్యూటర్ బాగుసెయ్యాలా, పులుసు తిని ఎల్లాలా?"

"సముద్రం పక్కనుండి వాసనంటావేటి? ముందు సూడు."

అతను పెట్టె మూత విప్పాడు. కార్డుకున్న మూడు ఫ్యాన్లలో రెండు బిగుసుకున్నాయి. వేలితో తోసినా కదల్లేదు. టార్చి వేశాడు.

"ఆరె బాపా రె!" అన్నాడు ఒడియాలో.

రెక్కల మధ్య ఉప్పు పేరుకుంది. ఉప్పులో చేప పొలుసులు.

ప్రకాష్ వంగి బల్ల వెనక చూశాడు. పద్మినీ వంగింది. గోడకీ పెట్టెకీ మధ్య వలతాడు. తాడుకి రెండు దండలుగా గుచ్చిన ఉప్పు కవళ్ల చేపలు. పద్మిని కేక పెట్టింది.

"మామ్మా!"

నీలమ్మ వంటింట్లోంచి వచ్చింది. వానాకాలంలో కట్టెల పొయ్యి మీద చేప వేలాడదీసి ఎండబెట్టడం ఆమెకి అలవాటు. మొన్న ఎండాకాలంలో ఆ పొయ్యి తీసేసి గ్యాస్ పెట్టారు.

"పదకొండు రోజులనుండి వాన. ఎక్కడ ఆరబెట్టమంటావే? పెట్టె ఎనకాల పొయ్యి దగ్గరున్నట్టు సెగొస్తంది. ఊరికే పోతంది కదా అని కట్టాను."

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే వద్దంటావని."

"ఎనక్కొదిలిన గాల్నే పెట్టె మళ్లీ లాగేసింది మామ్మా," అన్నాడు ప్రకాష్. "గాలితోపాటు నీ ఉప్పు కూడాను."

ఆ కార్డుకి ఫ్యాన్లు బరంపురంలో దొరకవు. తెప్పించాలంటే మూడు రోజులు. ప్రకాష్ కార్డు తీసుకునే కరెంటును 220 వాట్ల నుంచి 110కి తగ్గించాడు. వేడి తగ్గుతుంది, పనీ నెమ్మదిస్తుంది. బొమ్మకు నలభై సెకన్లు పట్టేది ఇక అరవై అయిదు పడుతుంది. మూత తీసే ఉంచి, టేబుల్ ఫ్యాన్‌ను కార్డుకి ఎదురుగా పెట్టారు. 1.25కి 789వ బొమ్మ మొదలైంది.

"కరెంటు పోతే?" అంది నీలమ్మ.

"నువ్వా మాటనకు మామ్మా," అంది పద్మిని.

నీలమ్మ దండలు విప్పి వంటింట్లోకి పట్టుకెళ్లింది. పద్మిని కుర్చీలోంచి లేవలేదు. వేడి 83 దగ్గర నిలబడింది.

చివరి బొమ్మ 5.15కి వచ్చింది. బొమ్మలన్నీ కలిపిన వీడియో 5.48కి వెళ్లింది. స్టూడియో నుంచి 5.53కి జవాబు వచ్చింది. వీడియో అందిందని అందులో ఉంది.