రెండు నిమిషాల తోట

పోశయ్యకు తన పనిమీద ఉన్న నమ్మకం మామూలుది కాదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ముప్పై ఏళ్ళు రైల్వే మాలీగా చేసి, ప్లాట్‌ఫారం పక్క తోటకు ఆరుసార్లు షీల్డు తెచ్చిన మనిషి. "మొక్కకు నోరు లేదు గని, ఉంటే ముందుగాల నా పేరే చెప్తది" అనేవాడు. విన్నవాళ్ళు నవ్వినా ఆయన నవ్వేవాడు కాదు. ఉన్నమాట చెప్పేటప్పుడు నవ్వెందుకని ఆయన లెక్క.

రిటైరయ్యాక హనుమకొండ చివర, హసన్‌పర్తి రోడ్డు మీద వెలసిన కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, భార్య చిలుకమ్మతో దిగాడు. కాలనీ నడుమ ఒక ఖాళీ జాగా ఉంది. ప్లాను కాగితంలో దానిమీద పార్కు అని రాసి ఉంది. నేలమీద మాత్రం తుమ్మకంప, పగిలిన ఇటుకలు, ఊళ్ళో మేకలు. ఓ పక్కన నాలుగు వేపచెట్లున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే అటు చూడబుద్ధే అయ్యేది కాదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో మున్సిపల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జాగా ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంది గనుక అక్కడ దుకాణాల వరస కడతారట. కాలనీ అంతా గుండెలు బాదుకుంది. అన్నాళ్ళూ అక్కడ చెత్త పోసినవాళ్ళే అందరికంటే గట్టిగా బాదుకున్నారు. కాలనీ సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ రావు పదిమందిని వెంటేసుకుని వెళ్ళి, సంగతి చూసే ఆఫీసర్‌ను కలిశాడు. ఆయన కాస్త మెత్తటి మనిషి. "వానలు పోయినంక వచ్చి చూస్తాను. అక్కడ పార్కు కనిపిస్తే అది పార్కే. కనిపించకపోతే దుకాణాలే" అని తేల్చి పంపాడు.

ఆ రాత్రే సంఘం కూర్చుంది. ఇక చూడాలి వేడుక! హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్‌లో లాగా నడుమ ఫౌంటెన్ ఉండాలన్నాడు రాజేశ్వర్ రావు. వాలీబాల్ కోర్టు చాలన్నారు కాలేజీ పిల్లలు. ఉయ్యాలలు కావాలంది మొదటి వీధిలో ఉండే సరస్వతి టీచర్. చిన్న గుడి కట్టి దేవుణ్ణి కూర్చోబెడితే ఏ ఆఫీసర్ లేపుతాడో చూద్దామన్నాడు ఇంకొకాయన. గుడి అంటే ఎవరూ కాదనలేకపోయారు. అప్పుడు లేచాడు పోశయ్య.

"జర నిమ్మలంగుండుర్రి. దేవున్నెందుకు పరేషాన్ చేస్తాన్రు? ఆ జాగ నాకిడిసిపెట్టుర్రి. ఆఫీసర్ సాబు వచ్చి నోరు తెర్వకపోతే నన్నడుగుర్రి."

ఆ ధీమా చూసి అందరూ సరేనన్నారు.

పోశయ్య ఆ వానాకాలం ఇంటిపట్టున ఉంటే ఒట్టు. తుమ్మలు కొట్టించాడు, నేల చదును చేశాడు, అంగుళం అంగుళం గడ్డి నాటాడు. ఎర్రవీ పచ్చవీ మెట్టతామరలు మళ్ళు కట్టి పెట్టాడు. క్రోటన్లు గుండ్రంగా కత్తిరించాడు. నట్టనడుమ ఎర్రాకు మొక్కలతో 'స్వాగతం' అని అక్షరాలు పెంచాడు. చుట్టూ ముళ్ళతీగ కట్టి, గేటు పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. గేటు మీద 'గడ్డి తొక్కరాదు, పువ్వులు ముట్టరాదు' అని బోర్డు. పిల్లలు తీగ పట్టుకుని తొంగి చూస్తే, పొలంలో పిట్టల్ని తోలినట్టు తోలేవాడు.

కార్తీకంలో ఆఫీసర్ వచ్చాడు. పోశయ్య చెప్పినట్టే ఆయన నోరు తెరిచాడు.

"అబ్బ! ఇంత మంచి తోట నేను ఊళ్ళో చూడలేదు పెద్దయ్యా" అన్నాడు. పోశయ్య మీసం దువ్వుకున్నాడు. రాజేశ్వర్ రావు చాయ్ తెప్పించాడు. ఆఫీసర్ చాయ్ తాగి వెంటనే వెళ్ళలేదు. గేటు బయట నిలబడి, సాయంత్రం అరగంట సేపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఒక్కరూ లోపలికి రాలేదు.

"ఇండ్లకు రెండడుగుల దూరంల ఉంది. ఎవరూ రారేం?" అని అడిగాడు.

"వస్తే తొక్కుతరు సార్. నేనుండంగ ఎవ్వలు కాలు పెట్టరు" అన్నాడు పోశయ్య, గర్వంగా.

ఆఫీసర్ నిట్టూర్చాడు. "పెద్దయ్యా, ఊరికి ఒక పెద్ద తోట ఉంటది. సెలవునాడు పిల్లల్ని తీసుకపోయి, చూసి, ఫొటో దిగి వస్తం. దానికి గేటుండాలె, బోర్డుండాలె, బాగుంటది. ఇండ్ల నడుమ పార్కు అట్ల కాదు. చెప్పులు కూడ వేసుకోకుంట వచ్చి పోయే జాగ అది. తాళమేసిన జాగకు, ఊకె పడి ఉన్న జాగకు నా కాగితంల తేడా లేదు. మూడు నెలలు టైమిస్తున్న. మనుషులు కనిపించాలె." జీపు ఎక్కి వెళ్ళిపోయాడు.

పోశయ్య ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి తలపాగా తీసి మంచం మీద కొట్టాడు. ఆరు షీల్డులు తెచ్చిన చేతికి, నిన్నగాక మొన్న నౌకరీలో చేరినవాడు పాఠం చెప్తాడా?

"జనాలను ఇడిసిపెడితే రెండొద్దులల్ల బీడు చేస్తరు! వానికేమెరుక తోటంటే? రైలు ఆగితే చాలు, కిటికీలకెల్లి తలకాయలన్ని బయటికే! మొత్తం బండి నా తోటనే చూసేటిది!"

చిలుకమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "బండి ఎంతసేపాగేది?"

"రెండు నిమిషాలు."

"మరి మేమేమన్న రైలుల పోతాన్నమా అయ్యా? ఈడనే ఉంటిమి గద. పొద్దుందాక ఇంట్ల ఉక్కపోసి సచ్చి, ఇంత గాలికి కూసుందమంటే గేటు కాడ నిలవడి నీ పూలకు దండం పెట్టి పోవాల్నా? ఆరునెలలాయె. నీ పెండ్లాన్ని నేను, ఒక్కనాడన్న లోపటికి రానిచ్చినవా?"

ముప్పై ఏళ్ళలో తన తోటలోకి ఒక్క ప్రయాణికుడూ దిగలేదన్న సంగతి పోశయ్యకు అప్పుడే తట్టింది. అందరూ మెచ్చుకున్నారు, అందరూ వెళ్ళిపోయారు. ఆయన చేసిందల్లా రెండు నిమిషాల తోట. అది అక్కడికి సరిగ్గా సరిపోయింది, అందులో తప్పేం లేదు. దాన్నే తెచ్చి ఇండ్ల నడుమ పెట్టడమే తప్పు. చేసిన తప్పు తెలిశాక కూర్చుని ఏడ్చే రకం కాదు పోశయ్య. తెల్లారి గడ్డపార తీసుకుని వెళ్ళాడు.

ముందు తాళం తీశాడు, తర్వాత గేటే పీకేశాడు. ముళ్ళతీగ చుట్టేసి పక్కన పడేశాడు. 'స్వాగతం' అక్షరాలను ఒక్కొక్కటే వేళ్ళతో సహా తవ్వి తీశాడు. కన్నబిడ్డల్ని పరాయి ఇంటికి పంపినట్టే అనిపించింది, అబద్ధమెందుకు? మొక్కలన్నీ అంచుల వెంబడి నాటి, నడుమ నేలంతా వదిలేశాడు. ఇల్లు కడుతున్న వాళ్ళ దగ్గర మిగిలిన బండలు అడిగి తెచ్చి వేపచెట్ల కింద పరిచాడు. ఒక బండమీద ఉలితో పులి-మేక ఆట గీతలు చెక్కాడు. కొమ్మకు మోకు వేసి, పాత లారీ టైరు వేలాడదీశాడు. కాలేజీ పిల్లలు వచ్చి అనుమానంగా నిలబడితే, "చూస్తాన్రేంది? ఆ మూలకు కట్టెలు పాతుర్రి, నెట్టు కట్టుకోర్రి" అని కసిరాడు.

మొదటి వారమే గడ్డి పోయింది. రెండోవారం రెండు క్రోటన్లు విరిగాయి. విరిగినప్పుడల్లా పోశయ్య గట్టిగా తిట్టేవాడు, తిట్టినంతసేపూ మట్టి ఎగదోసి కొమ్మకు కట్టు కట్టేవాడు. నెల తిరిగేసరికి పిల్లలు ఆయన తిట్లకు అలవాటు పడ్డారు. బంతి అటు పోతే ఆయన కేక వేసేలోపే వాళ్ళు మొక్కకు చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకున్నారు. అది చూసిన రోజు ఆయన ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

శివరాత్రి దాటాక ఒక సాయంత్రం, చెప్పాపెట్టకుండా జీపు వచ్చి ఆగింది.

ఆఫీసర్ దిగి అటూ ఇటూ చూశాడు. దుమ్ము లేస్తోంది. వాలీబాల్ మూలన అరుపులు. టైరు ఉయ్యాల ముందు ఆరుగురు పిల్లలు వంతుకోసం కొట్లాడుకుంటున్నారు. నీడన చిలుకమ్మా మరో పదిమంది ఆడవాళ్ళూ చింతపండు గింజ తీస్తూ, కాలనీలో ఎవరి ముచ్చటా వదలకుండా మాట్లాడుకుంటున్నారు. సరస్వతి టీచర్ నలుగురికి లెక్కలు చెబుతోంది. పులి-మేక బండ దగ్గర రాజేశ్వర్ రావు, ఫౌంటెన్ సంగతి పూర్తిగా మరచిపోయి, మేకలన్నీ పోగొట్టుకుంటున్నాడు. ఆయనకు జీపు వచ్చిన సంగతే తెలియలేదు.

పోశయ్య నీళ్ళ బిందె దించి ఎదురొచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము.

"పెద్దయ్యా, అంత మంచి గడ్డి ఏమైంది?"

"తొక్కిన్రు సార్."

"నువ్వు ఊకున్నవా?"

"నేనే తొక్కుమన్న." తల వంచకుండా చెప్పాడు. "గడ్డి నాకెప్పుడన్న మొలుస్తది సార్. ఈ జాగ పోతే మల్ల మొలుస్తదా?"

ఆఫీసర్ సంచిలోంచి ఫైలు తీసి, రాయడానికి కూర్చుందామని వేపచెట్ల వైపు నడిచాడు. మొదటి బండ నిండా చింతపండు, రెండోదాని మీద లెక్కల పలకలు, మూడోదాని మీద ఓడిపోతున్న రాజేశ్వర్ రావు. ఆడవాళ్ళు వచ్చినాయన ఎవరో ఒకసారి చూసి, మళ్ళీ తమ ముచ్చట్లో పడ్డారు. ఎవరూ లేవలేదు.

పోశయ్య ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు. ఇంతటి ఆఫీసర్‌కు కూర్చునే చోటు చూపించలేకపోయినందుకు ఆయనకు ఇసుమంత సిగ్గు కూడా వేయలేదు.

"జర ఆగుర్రి సార్" అన్నాడు. "చీకటి పడితే ఎవరన్న లేస్తరు."

ఆఫీసర్ పకపకా నవ్వాడు. జీపు దగ్గరికి వెళ్ళి, బానెట్ మీద ఫైలు పరచుకుని, ఆ జాగా కాలనీ పార్కేనని నిలబడే రాసి సంతకం పెట్టాడు.