కో టిన్ ఫే ఎడమకాలు

పండగనాడు రేవులో నిలబడి పెళ్ళాం చెప్పులు కాపలా కాసే మగవాడు ఇన్లే సరస్సు మొత్తం మీద ఒక్కడేనని కో టిన్ ఫే గట్టి నమ్మకం. ఆ ఒక్కడూ తనే కావడం అతని బాధ.

ఏడేళ్ళ కిందట సాన్యీని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆ ఏడాదే ఊళ్ళో ఆడవాళ్ళకు కొత్తగా, నిలబడి కాలితో తెడ్డేసే పందెం పడవ కట్టారు. కొత్త పడవలో ఏ చోటూ ఎవరి సొత్తూ కాదు కదా, సాన్యీ తిన్నగా వెళ్ళి ఎడమ వరసలో తొమ్మిదో చోట నిలబడింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ కదపలేకపోయారు. మగవాళ్ళ పడవ సంగతి వేరు. అక్కడ చోట్లు ఇళ్ళను బట్టి వస్తాయి. తాత నిలబడ్డ చోట తండ్రి, తండ్రి తర్వాత కొడుకు. టిన్ ఫే తాత పొరుగూరి నుంచి ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి ఆ ఇంటికి పడవలో చోటు లేదు. చేపలు పట్టడంలో ఎంత మొనగాడైనా పండగనాడు అతనికి దక్కేది ఒడ్డే. పడవెక్కే ముందు సాన్యీ చెప్పులు విప్పి అతని చేతిలో పెట్టేది. ఆ జనంలో వదిలిన చెప్పులు మళ్ళీ దొరకవు మరి.

"జాగ్రత్త. పోయినేడు ఒక్కటే మిగిల్చావు," అనేది ప్రతిసారీ. పోయింది అయిదేళ్ళ కిందట. ఆడవాళ్ళకు కొన్ని ఏళ్ళు గడవవు.

ఈ ఏడు వానాకాలం మొదట్లో మగవాళ్ళ పడవలో ఎడమ వరస పదిహేడో చోటు ముసలాయన మోకాలు ఇక వంగనని మొరాయించింది. ఆయనకు నలుగురూ కూతుళ్ళే, నలుగురూ సాన్యీ పడవలోనే ఉన్నారు. చోటు ఖాళీ అయింది. పడవ పెద్ద ఊ బో జా ఊరందరికీ కబురు పెట్టాడు. పండగకు పది రోజుల ముందు పరీక్ష. నెగ్గినవాడిది ఆ చోటు.

ఊ బో జా పరీక్ష చూడ్డానికి చాలా మెత్తనిది. చిన్న పడవ ముక్కున ఆయన కూర్చుంటాడు. చాచిన అరచేతిలో చెవిలేని గిన్నె, దాన్నిండా అంచుదాకా టీ. వెనక కొసన నిలబడి, దేన్నీ పట్టుకోకుండా, కాలితో తెడ్డు వేసుకుంటూ ఆయన్ని మఠం రేవుదాకా తీసుకెళ్ళి తీసుకురావాలి. ఆయన లుంగీ తడిస్తే ఇంటికే. ఆయన చెయ్యి పుట్టి బుద్ధెరిగాక వణికింది లేదు కనక తప్పెప్పుడూ వెనకవాడిదే.

"జోరు వారంలో నేర్పుతాను. కుదురు మాత్రం నేను నేర్పలేను. అది ఇంటి నుంచి తెచ్చుకోవాలి," అనేవాడు.

చిక్కల్లా ఒక్కటే. ఎడమ వరసలో నిలబడేవాళ్ళు ఎడమకాలితో తెడ్డు వెయ్యాలి. ఎనిమిదో ఏట తండ్రి పడవెక్కిన నాటి నుంచీ టిన్ ఫే తెడ్డు వేసింది కుడికాలితో. తెడ్డుకు కుడికాలు మెలేసి, ఎడమకాలి మీద నిలబడి, రెండు చేతులతో వల విసిరేవాడు. ఇరవయ్యారేళ్ళు. అతని లుంగీ ఎగగడితే రెండు కాళ్ళూ ఒకే మనిషివంటే కొత్తవాళ్ళు నమ్మరు.

"మూడు నెలలుంది. ఎడమకాలికి నేర్పేస్తాను," అన్నాడు సాన్యీతో.

ఆమె మగ్గం దగ్గర తామర తూళ్ళు విరిచి పోగు తీస్తోంది. "ఆ కాలు ఒప్పుకుందా?" అంది తల ఎత్తకుండా.

"ఒప్పుకోక ఎక్కడికి పోతుంది? నా కాలేగా."

మర్నాడు పొద్దున్నే ఎడమకాలు తెడ్డుకు మెలేసి బయల్దేరాడు. పడవ ముందుకు పోలేదు. గుర్రపుడెక్క గుబురు ఒకటి పట్టుకుని దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది. నీళ్ళ మీద తేలే టమాటా తోటల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి, కూర్చుని మరీ చూశారు. ఆ సాయంత్రం ఏమీ తెలియలేదు. రెండోరోజు పిక్క పట్టేసింది. మూడోరోజు పొద్దున, నీళ్ళలో గుంజల మీద నిలిచిన ఇంటి నిచ్చెన దిగలేక, చిన్నపిల్లాడిలా మెట్టు మెట్టుకూ కూర్చుంటూ దిగాడు.

"పని చేసిన రోజు నొప్పి లేదు, పడుకున్న మర్నాడు నొప్పేంటి?" అని విసుక్కున్నాడు. సాన్యీ నువ్వులనూనె రాస్తూ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆపుకోలేకపోయింది.

దాంతో టిన్ ఫే బడిలో డ్రిల్లు మాస్టారు సయా లిన్ దగ్గరికి వెళ్ళాడు. సయా అంటే గురువు; ఈయన తౌంజీ పట్నంలో చదువుకొచ్చినవాడు. ఆయన దగ్గర ఈల ఉంది, టేపు ఉంది, లావుపాటి పుస్తకం ఒకటుంది. మూడిటినీ వాడే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చిందని ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు పిక్కలూ కొలిచి, కుడిది రెండు వేళ్ళు లావని రాసుకున్నాడు.

"కండ అంటే మీ ఆవిడ నేసే పోగు లాంటిదే. అలవాటు లేని పని చేస్తే సన్నటి పోగులు అక్కడక్కడ చిట్లుతాయి. అవి వాచేది మర్నాడూ ఆ మర్నాడూ. అతుక్కునేటప్పుడు మునుపటికంటే గట్టిగా అతుక్కుంటాయి. నొప్పికి భయపడకు," అన్నాడు.

"భయం లేదు సయా. నిచ్చెన దగ్గరే ఇబ్బంది."

సయా లిన్ చిట్టా రాసిచ్చాడు. పొద్దున బడి గట్టు మీద పరుగు, ఊపిరి పెరగడానికి. సాయంత్రం భుజాన టమాటా బుట్ట పెట్టుకుని గుంజీళ్ళు, తొడ గట్టిపడటానికి. మధ్యలో ఎడమకాలితో తెడ్డు. పరుగనేది మా సరస్సు మీద పుట్టినవాళ్ళకు తెలిసిన విద్య కాదు. పక్కింటికి పోవాలన్నా పడవే కదా. టిన్ ఫే గట్టు మీద పరిగెడుతుంటే ఇల్లు అంటుకుందేమోనని ఇద్దరు పడవలు తిప్పుకుని వచ్చారు.

సాన్యీ ఇచ్చిన తామర నూలు ముక్కతో వారానికోసారి పిక్క కొలుచుకుని ముడి వేసుకునేవాడు. మూడు వారాలు ముడి అక్కడే ఉంది, కానీ పడవ గుబురు చుట్టూ తిరగడం మానేసింది. ఇదేం వింతని సయాని అడిగితే, ముందు నేర్చుకునేది బుర్రట, బుర్ర చెప్పినట్టు కాలు విన్నాక గానీ కండ పెరగదట. నాలుగో వారం నుంచి ముడి నిజంగానే జరిగింది. టిన్ ఫేకి ఆశ పుట్టి, రోజుకు రెండు పూటలు చేసేది నాలుగు పూటలు చేశాడు. వారం తిరక్కుండానే కాలు చచ్చుబడ్డట్టయింది. ఉపవాస దినాన మఠంలో రోజంతా కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. కాలు వృథా అయిపోతోందని లోపల కుమిలిపోయాడు. మర్నాడు తెడ్డు వేస్తే పడవ బాణంలా పోయింది. కండ పెరిగేది పనిలో కాదు, పని ఆపినప్పుడని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఉపవాస దినాల్లో టిన్ ఫే అంతటి భక్తుడు మఠంలో లేడు.

రెండున్నర నెలలయ్యేసరికి ఎడమ పిక్క కుడిదాన్ని దాదాపు అందుకుంది. ఇంక మిగిలింది టీ.

సాన్యీని పడవ ముక్కున తనకేసి తిప్పి కూర్చోబెట్టి, చేతిలో నిండు గిన్నె పెట్టాడు. పది తెడ్లు వెయ్యకముందే టీ ఆమె లుంగీ మీద పడింది. మళ్ళీ నింపాడు. మళ్ళీ పడింది. మూడోసారి వేడివేడిగా పడింది.

"లేనిపోని జబ్బేదో ఈ కాలికుంది. ఇంకో బుట్ట ఎక్కువ మొయ్యాలి," అన్నాడు.

సాన్యీ లుంగీ పిండుకుంటూ, "తెడ్డు తీసి లోపల పెట్టు," అంది. పెట్టాడు. "ఇప్పుడు ఊరికే కుడికాలి మీద నిలబడు. నేను పది లెక్కపెడతాను."

నాలుగు దగ్గర పడవ ఊగింది. ఆరు దగ్గర అతను పడవ అంచు పట్టుకున్నాడు.

"నీ ఎడమకాలికేం రోగం లేదయ్యా," అంది సాన్యీ. "ఇరవయ్యారేళ్ళు కుడికాలు నీళ్ళలో ఆడింది, ఎడమకాలు దాన్ని మోస్తూ నిలబడింది. ఆడటం దీనికి నేర్పావు, బాగానే ఉంది. నిలబడటం కుడికాలికి ఎవరు నేర్పారు?"

టిన్ ఫే తన కుడికాలి వంక చూసుకున్నాడు. చీలమండ దగ్గర సన్నగా వణుకుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని ఒక్కరూ కొలవలేదు, ఒక్కరూ నూనె రాయలేదు.

"నీకెట్లా తెలిసింది?"

"నేను ఎడమ వరసలో నిలబడేదాన్ని. పందెమయ్యాక నాకు నొప్పి పుట్టేది కుడికాలికే. తెడ్డేసే కాలిని అందరూ చూస్తారు, దీన్నెవరు చూస్తారు?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగావా? ఊరంతా అడిగావు."

ఆ మాటకు టిన్ ఫేకి నిజంగా సిగ్గేసింది. ఏడేళ్ళుగా ఎడమ వరసలో నిలబడ్డ మనిషి తన ఇంట్లోనే ఉంది, నూనె రాయించుకోవడానికి తప్ప ఆమె దగ్గరికి పోలేదు.

పరీక్షకు పన్నెండు రోజులుంది. కుడికాలి మీద నిలబడి పళ్ళు తోముకున్నాడు. కుడికాలి మీద నిలబడి టోఫూ నూడుల్స్ తిన్నాడు. కుడికాలి మీద నిలబడి సాన్యీ నూలు చుట్టుకుంటుంటే రెండు చేతుల మీదా చిలప పట్టుకున్నాడు. రెండుసార్లు వసారా మీంచి నీళ్ళలో పడ్డాడు, ఒకసారి సాన్యీకి ఇష్టమైన గిన్నెతో సహా. దారిన పోయే పడవల వాళ్ళకు కావలసినంత కాలక్షేపం.

"ఏం కొంగా, ఏమైనా చిక్కిందా?"

"ఇంకా లేదు. నువ్వు కాస్త దగ్గరికి రా."

సయా లిన్ వచ్చి చూసి, పుస్తకం తిరగేసి, "ఇదే నేనూ చెప్దామనుకుంటున్నాను," అన్నాడు. సాన్యీ ఆయనకు టీ ఇచ్చింది, అంచుదాకా నింపి.

పరీక్ష రోజు టిన్ ఫే కాక ఇంకో నలుగురు వచ్చారు. నలుగురూ ఊ బో జా లుంగీ తడిపి వెళ్ళారు. అయిదోసారి పొడి లుంగీ కట్టుకుని ఆయన విసుగ్గా పడవెక్కాడు.

టిన్ ఫే ఎడమకాలు తెడ్డుకు మెలేశాడు. కానీ మనసు దాని మీద పెట్టలేదు. కుడి పాదం అయిదు వేళ్ళూ పలక మీద పరిచి, దాన్నే తలుచుకుంటూ నిలబడ్డాడు. మఠం రేవు చేరారు, తిరిగారు. సగం దూరంలో సరుకుల మోటారు పడవ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. దాని అలలు వరసగా నాలుగు వచ్చాయి. టిన్ ఫే తెడ్డు ఆపేశాడు. కుడి మోకాలు కొంచెం వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. వణకలేదు. నాలుగో అల కూడా కిందనుంచి పోయింది.

రేవుకి చేరాక ఊ బో జా లుంగీ తడిమి చూసుకున్నాడు. తర్వాత ఆ చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"చేదుగా ఉంది. మా ఇంటి టీ ఎప్పుడూ ఇంతే," అన్నాడు. "రేపు పొద్దున్నే రా. పదిహేడో చోటు."

"సరే బాబాయ్," అన్నాడు టిన్ ఫే.

పండగనాడు ముందు ఆడవాళ్ళ పందెం. అలవాటు ప్రకారం సాన్యీ చెప్పులు విప్పి ఇచ్చింది. అలవాటు ప్రకారం అతను వాటిని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళది రెండో స్థానం. మధ్యాహ్నం మగవాళ్ళ పందానికి పిలుపొచ్చింది. టిన్ ఫే చెప్పులు విప్పి, ఏం చెయ్యాలో తోచక ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు.

"ఇటివ్వు," అని సాన్యీ చెయ్యి చాపింది.

ఆ తర్వాత జరిగింది అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పడవ నడుమ పట్టుకునే వెదురు బొంగు, ముందువాడి వీపు, ఊ బో జా కేక, నీళ్ళు. మలుపు దగ్గర పడవ ఒక పక్కకు బాగా ఒరిగింది. కుడికాలు తనంతట తనే చూసుకుంది. అయిదు పడవల్లో మూడోది వాళ్ళది. అతనికి మాత్రం మూడు లోకాలూ గెలిచినట్టే ఉంది.

రేవు చివర సాన్యీ నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది, కళ్ళనిండా నీళ్ళు, గుండెకు అదుముకున్న చెప్పులు.

"మూడోదైనా వచ్చాంగా, ఏడుస్తావేంటి?" అన్నాడు.

"పందెం గురించి కాదు," అంది. "పడవలో ఉంటే ఏమీ తెలీదు. కాలి పని కాలు చేసుకుపోతుంది. ఇక్కడ నిలబడి చూడాలంటే... మలుపులో మీ పడవ ఒరిగింది చూడు, నా కాళ్ళు వణికిపోయాయి. చేతిలో చెప్పులు కూడా జారిపోయాయి. ఏడేళ్ళు నువ్విక్కడ ఎలా నిలబడ్డావయ్యా?"

ఏడేళ్ళుగా ఆ మాట ఎవరైనా అడిగితే బాగుండునని అనుకుంటున్నానని టిన్ ఫేకి అప్పుడే తెలిసింది.

ఆమె వంగి చెప్పులు అతని కాళ్ళ ముందు పెట్టింది. ఒకటి అతనిదే. రెండోది ఎవరిదో. జారిపడ్డప్పుడు ఆ జనంలో గబగబా ఏరుకుంది మరి, రెండూ ఎడమకాలివే.

అతను ఎడమకాలికి చెప్పు తొడుక్కుని, కుడికాలు ఉత్తదే పలకల మీద జాగ్రత్తగా మోపుతూ, ఆమె భుజం పట్టుకుని పడవదాకా నడిచాడు.