మూడు షిఫ్టులు కలిపి చూస్తే

“ఇంకో టిఫిన్ డబ్బా కొనాలె. సోమారం సంది గట్టయ్య మనింట్లనే ఉంటడు,” అన్నాడు నా మొగుడు జగదీశ్వర్, నేను అతని బొగ్గు బట్టలు రెండోసారి జాడిస్తుంటే. గట్టయ్య ఇతని అక్క కొడుకు, అంటే మా వదిన కొడుకు. గోలేటి నుంచి ఇక్కడి గనికి బదిలీ అయిందట. ఉంటే నీకు కష్టమవుతుందా అని అడగడం లేదు, ఉంటాడని చెప్తున్నాడు. ఈ మనిషి నన్ను ఏదన్నా అడిగింది పెళ్లిచూపుల్లోనే, ఎంతవరకు చదివావని.

మా క్వార్టర్లో ఇప్పటికే ముగ్గురు గనికి పోయేవాళ్లు. మామ పోశం, మొగుడు, మరిది లింగమూర్తి. ఒకరు ఫస్టు షిఫ్టు, ఒకరు సెకండు, ఒకరు నైట్. వారం తిరిగితే షిఫ్టులు మారతాయి. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు బయల్దేరతారు, మూడోవాళ్లు నిద్రలో ఉంటారు. చప్పుడు కాకుండా గిన్నెలు తోమడం నాకు వచ్చినంత బాగా ఈ గోదావరిఖనిలో ఎవరికీ రాదు. పోయినేడు సకల జనుల సమ్మెలో మా ఇంట్లో మూడు షిఫ్టులూ ఆగాయి, నా పొయ్యి మాత్రం ఆగలేదు. అయినా ముగ్గురిదీ ఒకటే మాట. “మేం డ్యూటీకి పోయినంక నీకేం పని? కాళ్లు జాపుకొని పండుకుంటవ్.” సిగ్గు విడిచి చెప్తున్నా, నేనూ నమ్మాను. నడుము పట్టేసినా, కళ్లు తిరిగినా, పనిలేని ఒళ్లు కదా, బద్ధకం అనుకునేదాన్ని. థూ, నా బతుకు!

శనివారం మా సంతోషి బడిలో సైన్సు ప్రదర్శన. తొమ్మిదో తరగతి పిల్ల. మూడు వారాలుగా ఇంట్లో మగవాళ్ల వెంటబడి ఏదో అడిగి నోటుబుక్కులో రాసుకుంటుంటే బడి పనిలే అనుకున్నాం. జగదీశ్వర్‌కి సెకండు షిఫ్టు కాబట్టి పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. మార్కులు వేయడానికి వేరే బడి నుంచి వచ్చిన ఆస్మా టీచర్‌కి సంతోషి గడగడా చెప్తోంది.

“కృష్ణబిలం కండ్లకు కనవడది టీచర్. వెలుగును గూడ బయటికి రానియ్యది. మరి ఉన్నదని ఎట్ల తెల్సిందంటే, మన పాలపుంత నడుమ కొన్ని చుక్కలు ఖాళీ జాగ చుట్టు తిరుగుతున్నయ్. ఏ ఏడు ఎక్కడున్నయో ఏండ్లకేండ్లు గుర్తులు పెట్టుకుంట వచ్చిండ్రు. నడుమ మస్తు బరువున్నది ఏదో లేకుంటే గట్ల తిరుగయని తేలింది.”

“మరి ఫొటో తీసిన్రా?”

“ఇంక తియ్యలే. ఒక్క టెలిస్కోపుతోని కాదు. తలా ఒక దేశంల ఉన్నయన్నీ ఒక్కపారే చూసి, దొరికిన ముక్కలు కలపాలె. గా పనిలనే ఉన్నరు. నేను గట్లనే మా ఇంట్ల చూసిన.”

అప్పుడు పడ్డాయి నా కళ్లు కృష్ణబిలం బొమ్మ పక్కనున్న రెండో చార్టు మీద. ఇరవై ఒక్క రోజులు, గంటకొకటి చొప్పున రోజుకి ఇరవై నాలుగు గడులు. తాత అమ్మను చూసింది ఎర్ర చుక్క, బాపు చూసింది నీలం, కాక చూసింది ఆకుపచ్చ. అమ్మ ఏం చేస్తుండగా చూశారో చుక్క కింద చీమతలంత అక్షరాలు. నీళ్లు పడుతుండగా. డబ్బా కడుతుండగా. బట్టలు ఉతుకుతుండగా. ఒక్కొక్క రంగే చూస్తే సగానికి సగం గడులు ఖాళీ. మూడూ కలిపిన చోట తెల్లవారుజాము నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా వేలు పెట్టే సందు లేదు. అట్టడుగున పెద్దక్షరాలతో ఉంది: ‘అమ్మ కూసోని తింటుండంగ చూసినోళ్లు ఎవ్వరు లేరు. నేను గూడ చూడలే.’



“ఏందే పోరి గిది? ఇంటి గుట్టు గోడకు పెడ్తవా?” అన్నాడు జగదీశ్వర్. “మేం లేనప్పుడు తింటది మీ అమ్మ.”

“మీరు ముగ్గురు లేని టైం లేనే లేదు బాపూ. ఒక్కలు పోతె ఇంకొకలుంటరు. గందుకే మూడు షిఫ్టులు కలిపిన.”

ఆస్మా టీచర్ నావైపు తిరిగింది. “అక్కా, నిన్న పగటికేం తిన్నరు?”

అన్నమే కదా, అనబోయాను. ఎప్పుడు తిన్నాను? లింగమూర్తి విడిచిపెట్టిన పప్పులో నాలుగు ముద్దలు కలిపి, నైట్ చేసొచ్చి పడుకున్న మామ ఎక్కడ లేస్తాడో అని పొయ్యి దగ్గర నిలబడే మింగానా? అది నిన్ననా, మొన్ననా? పదహారేళ్ల కాపురంలో కూర్చుని తిన్న ఒక్క పూట కోసం వెతుక్కున్నాను. పండగలు గుర్తొచ్చాయి, వడ్డించడం గుర్తొచ్చింది, తిన్నది మాత్రం రాలేదు. దేవుడా, నేను తిన్నానో లేదో నాకే తెలియదు! పిల్లల బెంచీ మీద కూలబడ్డాను.

అంతలో జగదీశ్వర్ ఫోను మోగింది. గోలేటి నుంచి వదిన. బతికాన్రా అన్నట్టు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“రాజకుమారీ, గట్టయ్యకు కారం తక్కువెయ్యాలె, యాదుంచుకో. నలుగురికి వండుతనే ఉన్నవ్ కద, ఐదో మనిషికి ఇంత బియ్యం ఎక్కువ పోస్తే ఒడిసిపాయె.”

కూర్చున్నచోటు నుంచి లేవకుండానే చెప్పాను.

“గట్టయ్యను పంపకు వదినే. ఐదో మనిషి మా ఇంట్లనే ఉన్నది. ఇయ్యాల్నే కనవడ్డది. ముందుగాల దానికింత అన్నం పెట్టాలె.”