పెంకులు నడిచిన వారం

"పరధ్యానం! ఓ పరధ్యానం! నిన్నే పిల్లా! నీ కప్పు ఆరిందా, లేదా?"

బట్టీ తలుపు పట్టుకుని టీచరు అరిచింది. రంగుగాజుల బల్ల దగ్గర డ్రైవరు ఒక ఎర్రముక్కని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. ఆ ఎరుపు అతని గడ్డం మీద పడుతుంటే చూస్తూ ఉండిపోయిన అమ్మాయి ఉలిక్కిపడింది.

ఆ పేరు పెట్టింది టీచరే. పార్సిల్ ఆఫీసులో చిరునామాలు అంటించే ఆ అమ్మాయి, ఆదివారాలు ఊరికే పోతున్నాయని రెండు నెలల కిందట మట్టిపాత్రలూ రంగుగాజులూ నేర్పే ఈ క్లాసులో చేరింది. మొదటివారం గాజు కోయబోయి వేలు కోసుకుంది. రెండోవారం తిరిగే కుమ్మరి సారె మీద మన్ను పెడితే, అది ఎగిరి గోడకి అతుక్కుంది. "ఫర్వాలేదండీ, గోడకీ కాస్త కళ రావాలిగా" అన్నాడు డ్రైవరు. అతనూ నేర్చుకోవడానికే వస్తాడు, సిటీ బస్సు నడిపే మనిషి. నవ్వితే ముందు కళ్ళు నవ్వుతాయి. ఆ ఒక్కమాటతో ఆమె మిగతా ఆదివారాలన్నీ ఆ క్లాసుకే రాసిచ్చేసింది.

పచ్చి పాత్రని చెంపకి ఆనించి చూడాలని టీచరు మొదట్లోనే నేర్పింది. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు. తడిది బట్టీలో పెడితే పేలుతుంది, పక్కవాటినీ తీసుకుపోతుంది.

ఆమె కప్పుని చెంపకి ఆనించుకుంది. చల్లగా ఉంది.

బట్టీ పై అరలో డ్రైవరు చేసిన మట్టి లాంతరు ఉంది. దానికి నాలుగువైపులా కిటికీలు. కాలాక వాటిలో బిగించడానికి పదకొండు రంగుగాజు ముక్కలు కోసి, అట్టపెట్టెలో దాచుకున్నాడు. ఆ లాంతరు పక్కన సరిగ్గా ఒక కప్పు పట్టేంత చోటుంది.

"ఆరింది టీచర్" అంది.

మర్నాడు సాయంత్రం బట్టీ తెరిచేసరికి పై అరలో ఏదీ మిగల్లేదు. కప్పూ, లాంతరూ, టైలర్ బాబాయి కూజా, మూడూ కలిసి పెంకులైపోయాయి.

టైలర్ బాబాయి ఆ అమ్మాయి వాళ్ళింటి కింది వాటాలో ఉంటాడు, ఈ క్లాసుకే వస్తాడు. చేతులు వణకడం మొదలయ్యాక కుట్టుమిషను అమ్మేశాడు. సూదిలో దారం ఎక్కించలేని ఆ చేతుల్ని మన్ను మాత్రం కాదనలేదు. ఆయన కూజాల నడుం చుట్టూ సన్నటి అలలు తేలేవి. అవన్నీ వణుకే. "డిజైను భలే ఉంది బాబాయ్" అంటే, "కాపీ కొట్టమను చూద్దాం ఎవర్నైనా" అని మురిసిపోయేవాడు.

"అడుగు మందంగా వదిలితే లోపల తడి ఆరదని ఎన్నిసార్లు చెప్పాను బాబాయ్?" అంది టీచరు. "కొన్నాళ్ళు మన్ను ముట్టుకోకండి. గాజుపని నేర్చుకోండి."

బాబాయి తల వంచుకుని తన చేతులకేసి చూసుకున్నాడు. గాజు మీద గీత గీయాలంటే చెయ్యి వణకకూడదు.

అమ్మాయి నోరు తెరిచింది. అప్పుడే డ్రైవరు కింద కూర్చుని లాంతరు ముక్కలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో పెడుతున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

పళ్ళెంలోని పెంకులు అప్పటికే అంచు దిగుతున్నాయి. పగిలినవి పగలగొట్టిన వాళ్ళింటికి పోవాలి కదా, టీచరు తలుపు ఓరగా తీసి ఉంచింది.

మూడు వీధుల దూరానికి వాటికి ఆరు రోజులు పట్టింది. చీమలబారులా గోడవార వరసగా నడిచాయి. చీపురావిడ వాటిని తప్పించి ఊడ్చింది. సైకిళ్ళవాళ్ళు ఆగి దారిచ్చారు. సందు తిరిగేసరికి అందరికీ తెలిసిపోయింది, టైలరు ఇంటికే అని. ఆ ఇంటికి పైన ఇంకో వాటా ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమెకి తప్ప.

శుభ్రంగా చిరునామా రాసిన పార్సిళ్ళే దారి తప్పే ఆఫీసులో కూర్చుని, ఏ చిరునామా లేకుండా వస్తున్న ఆ పెంకుల గురించే ఆలోచించేది. గురువారం ఇంటికొస్తూ, ఎవరూ చూడకుండా ఒకదాన్ని వెనక్కి తిప్పిపెట్టింది. అది కాసేపు ఆగి, మళ్ళీ మెల్లగా ఇటే తిరిగింది.

"పాపం, ఆ పెద్దాయనకి ఈ వయసులో ఇవేం తలవంపులే!" అంది అమ్మ అన్నం పెడుతూ. "నువ్వు అక్కడే ఉన్నావుగా, అసలేం జరిగింది?"

"నాకేం తెలుసమ్మా. నేనేదో పరధ్యానంలో ఉన్నాను."



ఆదివారం తెల్లవారుతుండగా గరగరమని చప్పుడైతే మెట్ల పైనుంచి తొంగి చూసింది. పెంకులు గేటు కిందుగా లోపలికొచ్చాయి. బాబాయి గుమ్మం ముందునుంచి ఆగకుండా వచ్చి, మొదటి మెట్టు దగ్గర గుంపుగా నిలబడ్డాయి. ఎక్కలేక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

బాబాయి తలుపు తీశాడు. పెంకుల్ని చూశాడు. మెట్లని చూశాడు. తల పైకెత్తలేదు. తువ్వాలు పరిచి, వణికే చేతుల్తో ఒక్కొక్కటే అందులో వేసుకుని, మూటగట్టి లోపలికి పట్టుకుపోయాడు.

ఆమె మెట్టు మీదే కూర్చుండిపోయింది. వారం రోజులుగా ఆయన తిడతాడేమోనని భయపడింది గానీ, ఇలా దాస్తాడని కల్లో కూడా అనుకోలేదు. తిట్టినా బాగుండేది.

క్లాసు వేళకి గేటు చప్పుడైంది. డ్రైవరు.

"బాబాయ్, వస్తున్నారా? మీరు లేకపోతే బోసిగా ఉంటుంది."

"నేను రాన్లే బాబూ. పెంకులు వచ్చేశాయి, నా దగ్గరికే వచ్చాయి. ఇదిగో, చూడు." బాబాయి మూట విప్పబోయాడు. "నీ కష్టమంతా నాశనం చేశాను. ఏమనుకోకు."

"అయ్యో, ఊరుకోండి. కావాలని చేశారా ఏమన్నా!"

ఆ మాట మెట్ల మీదికి వచ్చి ఆమె గుండెల్లో గుచ్చుకుంది. మూట బాబాయి చేతిలో మెట్లవైపు లాగుతోంది. ఆయన రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని పట్టుకున్నాడు. ఒక పెంకు గుడ్డని చీల్చుకుని బయటికొచ్చింది. బాబాయి బొటనవేలు తెగి రక్తం కారింది. అయినా ఆయన వదల్లేదు.

"అదేంటి బాబాయ్, ఇంటికొచ్చాక కూడా ఎటో లాగుతున్నాయి?" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు బాబూ, నా చేతుల వణుకు."

ఆమె మెట్లు దిగింది. చివరి మెట్టు మీద నిలబడింది. బాబాయి వద్దన్నట్టు తలూపాడు.

"వదిలేయండి బాబాయ్. అవి నాకోసం వచ్చాయి."

డ్రైవరు ఇటు తిరిగాడు. ఆ కళ్ళలోకి చూస్తే చెప్పలేనని తెలిసీ, ఆమె వాటిలోకే చూసింది.

"బాబాయి కూజా కాదండీ పేలింది. నా కప్పు. ఆరలేదని నాకు తెలుసు. తెలిసే ఆరిందని అబద్ధం చెప్పాను. ఇప్పుడే వచ్చి టీచరుకీ చెప్తాను, ఆయన మన్ను ఆయనకి ఇచ్చేయమంటాను."

"తెలిసీ ఎందుకు పెట్టారు?" అన్నాడు డ్రైవరు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"మీ లాంతరు పక్కన కాస్త చోటుంది. అక్కడ నా కప్పుండాలనుకున్నాను."