తవిటమ్మ వదిలిన పండు

నేను ఒక కత్తిపీటను. మూడు రోజులుగా నా చుట్టూ ఒక తగువు నడుస్తోంది. అది నా గురించి కాదు, పనసపండు గురించి. వంటింటి నేల మీద నా చోటు నాది, లేచి పక్క గదిలోకి పోలేను కాబట్టి వినక తప్పడం లేదు.

"కాశీలో వదిలింది వదిలిందే వదినా. సముద్రం దాటితే మాట మారిపోతుందా? ఆ పండే పళ్లెంలోంచి తీసేద్దాం, గొడవ ఉండదు," అంటున్నాడు ఢిల్లేశ్వరరావు.

"ఒక్క తొన కోసం గంగమ్మ తల్లి ఇంత దూరం వెతుక్కుంటూ వస్తాదేటి? నువ్వు తినక్కా," అంటోంది ఆయన భార్య హేమలత.

"నాన్నా, మీరు కాశీలో ఏం వదిలారు?" అని అడిగింది వాళ్లమ్మాయి హారిక.

"కాకరకాయ."

"అంతకుముందు తినేవారా?"

ఢిల్లేశ్వరరావు ఫోనులో ఏదో ముఖ్యమైనది చూసుకోవడం మొదలుపెట్టాడు.

హేమలత అక్క తవిటమ్మ మాత్రం ఒక మోకాలు మడిచి నా మీద కూర్చుని, పైనాపిల్ కళ్లు ఒక్కొక్కటే తీస్తోంది. తినవలసింది ఆవిడ, వాదించుకునేది మిగతావాళ్లు. ఇళ్లలో ఇది మామూలే.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. కంచిలి దగ్గర ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పైకి వంచి, చివర కొబ్బరి కోరడానికి పళ్లు పెట్టాడు. కింద పీట పనసకర్రది. అంటే పనస నాకు బంధువు. బంధువులను కోయడం నేను మనుషుల దగ్గరే నేర్చుకున్నాను.

నన్ను కొన్నది పైడమ్మ. ఆవిడ చేతిలో గుమ్మడికాయలు, చేపలు, కొబ్బరి చెక్కలు చాలా చూశాను. తరవాత కోడలుగా తవిటమ్మ వచ్చింది. పదహారేళ్ల పిల్ల. పనసపండు వాసన పెరట్లోంచి వస్తే చాలు, చేతిలో పని ఆగిపోయేది. నూనె రాసుకున్న చేతులతో పండు చీల్చి, ఇంటిల్లిపాదికీ పంచేలోగా పదో పదిహేనో తొనలు లోపలికి పోయేవి. "ఒలే, మాకూ కాసిని మిగల్చవే," అనేది పైడమ్మ. పిల్ల నవ్వేది.

ఆ పిల్లకి ముప్ఫై నాలుగేళ్లు వచ్చాక అందరూ కలిసి కాశీ వెళ్లారు. నన్ను తీసుకెళ్లలేదు. అయినా నా మీద కూర్చున్నవాళ్లు నాకు చెప్పని సంగతి ఉండదు. అక్కడ గంగలో దిగి ఒక కాయ, ఒక పండు జన్మలో తిననని వదిలి రావాలి. చాలామంది బుద్ధిమంతులు తమకు గిట్టనివే దేవుడికి ఇచ్చి వస్తారు. తవిటమ్మ వంతు వచ్చేసరికి ఆవిడ నోరు తెరిచేలోగా అత్తగారు, "మా కోడలు పనసపండు వదుల్తాది బాబూ, అదంటేనే దానికి పేణం," అని పంతులుతో చెప్పేసింది. తవిటమ్మ తల ఊపింది. నడుం లోతు నీళ్లలో, వెనకాల జనం తోస్తుండగా, ఇంకేం చేస్తుంది?

అప్పటినుంచి ఇరవై నాలుగేళ్లు. ప్రతి ఎండాకాలం పనస వచ్చేది. ఆవిడే కోసేది. బంక అంటకుండా నాకూ తన చేతులకూ కొబ్బరినూనె రాసి, తొనలన్నీ వలిచి, పిక్కలు తీసి, గిన్నెలు నింపి పంపేది. తను మాత్రం పిక్కలు కాల్చుకుని కూర్చునేది. కోసేది మేమిద్దరం, తినేది లోకం అనుకునేదాన్ని.

భర్త పోయాక చెల్లెలు రమ్మంటే తవిటమ్మ ఇక్కడికి వచ్చింది. ఇక్కడంటే ఆఫ్రికా తూర్పు తీరాన, జాంజిబార్ దీవి. ఢిల్లేశ్వరరావు ఐసు ఫ్యాక్టరీలో పనికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, పర్యాటకుల కోసం ఆరు గదుల బస నడుపుతున్నాడు. నాలుగు నెలలు ఉందామని వచ్చిన తవిటమ్మ పెట్టెలో కారప్పొడికీ చింతపండుకీ మధ్య, పాత నేతచీరలో చుట్టుకుని నేనూ వచ్చాను. ఇది రెండో ఏడు.

కొత్త వంటింట్లో నన్ను చూసి నవ్వుతారేమోనని భయపడ్డాను. తీరా చూస్తే మూల ఒక మడత పీట ఉంది. దానికి ముందు ఇనుప నాలుక, నాలుక చివర పళ్లు. దాని మీద కూర్చునే కొబ్బరి కోరుతుంది అక్కడ వంట చేసే బీ సలమా. పేరు ముందు 'బీ' అనడం మన 'అమ్మ' లాంటిది. ఆ పీటను వాళ్ల భాషలో మేక అంటారట. నన్నూ మేకనూ పక్కపక్కన పెట్టి ఆవిడా తవిటమ్మా ఒకరినొకరు చూసుకుని నవ్వారు. మాట కలవకముందే వాళ్లకు పీటలు కలిశాయి.

బస్సు దిగి వచ్చిన దొరలకూ దొరసానులకూ ఈ దీవి పళ్లు రుచి చూపించడం తవిటమ్మ ఆలోచనే. ప్రతి శనివారం పొద్దున వసారాలో చాప పరిచి కూర్చుంటుంది. ఎర్ర తొక్క అరటిపళ్లు ఉంటాయి. లోపల మాత్రం మన చక్కెరకేళి రంగే. వెంట్రుకలు మొలిచిన ఎర్రటి పండు ఒకటి ఉంటుంది, దాన్ని చూసి పిల్లలు వెనక్కి జరుగుతారు. వలిస్తే లోపల తాటిముంజెలా తెల్లగా, నీరుగా ఉంటుంది. ముళ్ల లక్ష్మణఫలం నా మీద పెట్టగానే తనంతట తనే రెండవుతుంది. తపన పండు అని తవిటమ్మ పేరు పెట్టిన పాషన్ ఫ్రూట్‌ని కోస్తే పులుపుకి నా పదునే జివ్వుమంటుంది. నేరేళ్లు మనవే. వాటిని చూసిన రోజు తవిటమ్మ సొంత ఊరివాళ్లు కనబడినట్టు పలకరించింది. చివర పనస. దాన్ని వేలితో తట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, "తేనె," అంటుంది. ఆ మాట హారిక ఇంగ్లీషులో చెబుతుంది. అందరూ నోరు తెరుస్తారు.

పోయిన శనివారం కూడా "తేనె" అంది. వాసన బాగానే ఉంది. నాకూ తేడా తెలియలేదు. ఒక పెద్దాయన నమిలి, ఇంకాస్త నమిలి, మర్యాదగా కాగితం గుడ్డలోకి తీసేశాడు. ఆయన భార్య "చాలా బాగుంది" అంటూనే రెండో తొనను పళ్లెం అంచుకు నెట్టింది. బీ సలమా వచ్చి ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేసింది. పీచు, చప్పదనం, చివర కాస్త చేదు.

"నువ్వు చూసుకోలేదా?" అని హారిక చేత అడిగించింది. తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. మన దగ్గర వడ్డించేవాళ్లు ముందు రుచి చూస్తే ఎంగిలి. బీ సలమాకి వాళ్లమ్మ నేర్పింది వేరు. తను తినని దాన్ని అతిథికి పెట్టకూడదు. హారిక కాశీ కథంతా చెప్పాక ఆవిడ మేక మీద కూలబడి ముందు నవ్వింది. తరవాత నవ్వలేదు.

"ఇరవై నాలుగేళ్ల కిందటి తీపి గురించి వాళ్లకి చెబుతున్నావా? తినకపోతే ఇకనుంచి దాని గురించి చెప్పకు. కొయ్యడం నేనూ కొయ్యగలను," అంది.

ఆ మాట తవిటమ్మకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఆ చాప మీద కూర్చున్నప్పుడే ఆవిడ ఎవరి అక్కా, ఎవరి కోడలూ కాదు. పళ్లావిడ. కిందటేడు వచ్చి వెళ్లినవాళ్లు కూడా గుమ్మంలోనే "పళ్లావిడ ఉందా" అని అడుగుతారు. ఆ చోటు పోతుందేమో. తగువు అక్కడినుంచి మొదలైంది.

ఆదివారం, సోమవారం గడిచాయి. ఈ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఢిల్లేశ్వరరావు కాస్త మెత్తబడ్డాడు.

"పోనీ ఇలా చేద్దాం వదినా. రుచి బీ సలమా చూస్తుంది. బాగుందంటే మీరు తేనె అనండి. అదీ కాదు, తినాలనే ఉంటే చెప్పండి, మీ పేరున సింహాచలం అప్పన్నకి నేను మొక్కుకుంటాను. దోషం పోతుంది."

"చూశావా అక్కా, ఆయనే దారి చూపించారు!" అంది హేమలత.

తవిటమ్మ గరిటె పప్పుగిన్నెలో పెట్టింది.

"మరిది బాబూ, ఒక మాట. మా అత్త కాలం సేసిన యేడు, ఎండల్లో, మంచం మీంచి నన్ను పిలిచింది. 'ఒలే తవిటీ, ఒక తొన తినే. నాను గోడేపు తిరిగి తొంగుంటాను. గంగమ్మకి నాను సెప్పుకుంటాను' అంది. అన్నట్టే గోడేపు తిరిగిపోనాది. నాను తిన్నేదు."

పైడమ్మ అలా పిలిచిన మధ్యాహ్నం నేనూ ఆ గదిలోనే ఉన్నాను. గిన్నె నిండా తొనలున్నాయి. ముసలావిడ చాలాసేపు గోడవైపే ఉండిపోయింది, నమిలిన చప్పుడు వినబడుతుందేమోనని. కోడలిది ఎంత భక్తో అనుకున్నాను. ఇనుముకి అంతకంటే తెలివి ఉండదు.

"దేవుడి కోసం తిన్నేదని ఊరంతా అనుకున్నాది. దేవుడి కోసం కాదు. నన్నడక్కుండా నా నోరు కట్టేసినాదని పంతం. ముసిల్ది అంతలా అడిగినా వొదల్నేదు. పంతం ఇంకా ఎవుల మీద? ఆవిడే నేదు."

"అక్కా..." అంది హేమలత.

"ఏడవకొలే. అన్నం తిను."

గుమ్మంలో నిలబడ్డ బీ సలమా ఏమందని హారికను కళ్లతోనే అడిగింది. హారిక చెయ్యి ఎత్తి ఆగమంది.

తవిటమ్మ అందరివైపూ చూసింది. మజ్జిగ కావాలా అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"శనివారం పనస కోస్తాను. మొదటి తొన నాను తింటాను. తియ్యగుంటే తియ్యగుందంటాను, నేకపోతే నేదంటాను. నా పేరున ఎవులూ ఏటీ మొక్కకండి."

ఢిల్లేశ్వరరావు ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.