గంటను ఎత్తుకెళ్లింది ఎవరు

మోర్వెన్నా టెయిట్‌కి చిన్నప్పటి నుంచీ అన్నీ అందరికంటే కాస్త ఎక్కువగానే తగిలేవి. ఇద్దరు పోట్లాడుకుని వెళ్లిపోయిన గదిలోకి పది నిమిషాల తర్వాత వెళ్లినా ఆ సంగతి ఆమెకు తెలిసిపోయేది. అలాంటి మనిషి డునెడిన్ నగరంలో ఒక బీమా కంపెనీలో పదకొండేళ్లుగా ఫోన్లు ఎత్తుతోంది. ఆ ఏడాది వరదలొచ్చి ఇళ్లు మునిగాయి. ఫోన్లో ఏడ్చిన ప్రతివాళ్లనీ సాయంత్రం మనసులో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్లేది. మే నెల వచ్చేసరికి పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, ఒకరోజు కూడలిలో పచ్చలైటు రెండుసార్లు వెలిగి ఆరినా బండి కదపలేకపోయింది. దారి తెలియక కాదు, కాలు కదపడానికి ఓపిక లేక.

ఆఫీసు ఒకటే పెద్ద హాలు. నలభైమంది, మధ్యలో గోడల్లేవు. ఆమె నెత్తిమీద ఒక ట్యూబులైటు రోజంతా జుయ్‌మనేది. దారిలో ఎవరు నడిచినా కూసే ప్లాస్టిక్ పక్షి ఒకటి. గోడకి వెనిల్లా వాసన చిమ్మే డబ్బా. అన్నిటికీ మించి ఇత్తడి గంట. ఎవరైనా పది కేసులు తేల్చగానే దాన్ని వాయించాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి.

ఒక సోమవారం మోర్వెన్నా పక్షి కడుపులోంచి బ్యాటరీలు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఎవరూ గమనించలేదు. బుధవారం భోజనాల వేళ కుర్చీ ఎక్కి ట్యూబులైటు వదులు చేసింది. శుక్రవారం వెనిల్లా డబ్బా చెత్తబుట్టలో అడుగుకి చేరింది. నలభై మూడేళ్ల వయసులో మొదటిసారి దొంగతనం చేసిన ఆనందంతో ఆ రాత్రి ఆమె కడుపునిండా తిన్నది.

మంగళవారం చూస్తే గంట లేదు. దాన్ని ఆమె ముట్టుకోలేదు.

మేనేజరు డెస్మండ్ లాకీ, ఆఫీసులో అందరికీ డెజ్, ఆమెను గదిలోకి పిలిచాడు. ఒకప్పుడు రగ్బీ ఆడిన భారీ మనిషి.

"ఈ ఆఫీసులో నీకు కనపడనిదీ వినపడనిదీ ఏదీ ఉండదు. పక్షి, లైటు, డబ్బా, ఇప్పుడు గంట. ఈ పనులు ఎవరు చేస్తున్నారో నువ్వే కనిపెట్టు."

"నేనా?"

"పైవాళ్లు రిపోర్టు అడుగుతున్నారు మరి."

బయటికి రాగానే పక్కసీటు సెఫీనా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. సమోవా దీవుల పిల్ల, నోరు ఊరుకోదు.

"అక్కా, విచారణ ఎందాకా వచ్చింది? నిన్ను నువ్వు ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నావు?"

"నీకెలా తెలుసే?"

"ట్యూబులైటు కింద కుర్చీమీద నీ చెప్పుల అచ్చు తుడిచిందెవరనుకున్నావు?"

"గంట మాత్రం నేను తియ్యలేదు."

"నేనూ కాదు. అది మోగినప్పుడల్లా నాకు అరనిమిషం పని తప్పేది."

మోర్వెన్నా గంట వేలాడిన కొక్కెం దగ్గరికి వెళ్లి నిలబడింది. సన్నగా నీలగిరి తైలం వాసన. తలనొప్పికి కణతలకు రాసుకునేది. ఇందాక మేనేజరు గదిలో కూడా ఇదే వాసన. ఆమె వెనక్కి తిరిగి, తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లింది.

"గంట ఎక్కడ దాచారు డెజ్?"

ఆయన లేచి కిటికీ తెర దించాడు. తర్వాత బీరువా వెనకనుంచి ఉన్ని మఫ్లరు చుట్టిన మూట తీసి బల్లమీద పెట్టాడు.

"మూడేళ్లుగా అది మోగితే తల పగిలిపోతోంది."

"చెప్పొచ్చుగా."

"ఎవరికి? గంట చప్పుడికి జడుసుకునేవాడు మేనేజరేమిటంటారు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది, ఎంతకీ ఆగలేదు. ఆయన తలుపు మూసి, టీ కలిపి ముందు పెట్టాడు.

"అలిసిపోయాను డెజ్," అంది చివరికి. "పడుకున్నా తీరడం లేదు."

"డాక్టరు దగ్గరికి వెళ్లలేదా?"

"సెలవు తీసుకోమంటాడు. ఇళ్లు మునిగినవాళ్ల ఫోన్లు ఎవరెత్తుతారు?"

"నువ్వు ఉద్యోగంలో చేరకముందు కూడా ఇళ్లు మునిగేవి మోర్వెన్నా."

ఆ మాటకి ఆమెకు కాస్త కోపమొచ్చింది, బోలెడంత హాయి అనిపించింది. టీ తాగి, ముక్కు తుడుచుకుంది.

"నావి మూడు, మీది ఒకటి. రిపోర్టు ఏమని రాయను?"

"ఏం రాసినా సంతకం పెడతాను."

"అయితే సెలవు కాగితం కూడా కలిపి తెస్తాను."

రిపోర్టులో ఆమె అబద్ధం ఒక్కటీ రాయలేదు. 'దుండగులు ఒకరికంటే ఎక్కువ. భవనం బాగా తెలిసినవాళ్లు. చాలా అలిసిపోయి ఉన్నట్టు తోస్తోంది.' డెస్మండ్ చదివి, నవ్వు కనపడకుండా మీసం సవరించుకుని సంతకం పెట్టాడు. రెండు నెలల సెలవు కాగితం మీద కూడా పెట్టాడు.

పైవాళ్లు వారం తిరక్కుండా ఇంకా పెద్ద గంట పంపారు. పార్సిల్ అందుకున్న సెఫీనా విప్పకుండానే తిప్పి పంపేసింది, 'చిరునామాదారు దొరకలేదు' అని రాసి.

మోర్వెన్నా మొదటి వారమంతా నిద్రపోయింది. రెండో వారం సెయింట్ క్లెయిర్ తీరానికి నడవడానికి వెళితే, నడకదారికి అడ్డంగా ఒక సముద్రసింహం, సీల్ లాంటి భారీ జంతువు, బోర్లా పడి గుర్రు పెడుతోంది. జనం విసుక్కోకుండా చుట్టూ తిరిగి పోతున్నారు. ఆమె దానికి ఇరవై అడుగుల దూరంలో ఇసుకమీద కోటు పరుచుకుంది. పడుకుని, ఎండ దిగేదాకా లేవలేదు.